రాయి దొరకని నేల

మొన్న సంక్రాంతికి మిర్యాలగూడ వెళ్ళినప్పుడు మా చిన్నాయన రైస్ మిల్లులో కూర్చుని టీ తాగుతున్నాను. బయట లారీ నుంచి ధాన్యం దిగుమతి జరుగుతోంది. హమాలీల ముఠాలో పదహారు మంది, అందరూ బీహార్ వాళ్ళే. చిన్నాయన కొడుకు ఫోన్‌లో వచ్చిన ఒక మెసేజ్ చదివి వినిపించాడు. మనం కట్టే పన్నులన్నీ ఢిల్లీ పట్టుకుపోయి బీహార్‌కు, యూపీకి పంచిపెడుతోందట. మనం చెమటోడుస్తుంటే వాళ్ళు కూర్చుని తింటున్నారట. చదవడం అయిపోయి వాడు తలెత్తేసరికి ఎదురుగా ఒక మనిషి బస్తా వీపున వేసుకుని నడుం వంచి పలక ఎక్కుతున్నాడు. ఆ మెసేజ్‌కూ ఈ మనిషికీ ఏదో పొసగడం లేదని మా తమ్ముడికి తోచలేదు.

వాడిని తప్పు పట్టను. అందులో అంకెలు అబద్ధం కావు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే మొత్తంలో బీహార్‌కు 10.058 శాతం ఇచ్చింది, ఉత్తర ప్రదేశ్‌కు 17.939. ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102. మన రెండూ కలిపినా బీహార్ వాటాలో మూడింట రెండు వంతులు లేవు. అంతకు ముందు సంఘం తెలంగాణకు ఇచ్చిన 2.437 కూడా తగ్గిపోయింది. జనాభా అదుపు చేసుకున్నందుకు, నాలుగు రూపాయలు సంపాదించుకున్నందుకు మనకు కోత పడుతోందన్న బాధలో న్యాయం ఉంది. నాకు పేచీ ఉన్నది "కూర్చుని తింటున్నారు" అన్న దగ్గర. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో జమా ఖర్చులు చూసేవాడిని. ఒక కాలమ్ మాత్రమే చూపించి ఖాతా మొత్తం ఇదే అంటే ఒప్పుకోలేను.

ప్రమోషన్ మీద 2012లో నన్ను బీహార్‌లోని సమస్తిపూర్ జిల్లాకు వేశారు. మూడేళ్ళున్నాను. సికింద్రాబాద్ నుంచి దర్భంగా వెళ్ళే రైలు ఎక్కితే ఆ ఒక్క ప్రయాణంలోనే మన దేశం అడ్డంగా కోసి చూపించినట్టు కనిపిస్తుంది. కాజీపేట, బల్లార్షా దాకా మన రాళ్ళూ, మన పత్తీ. తర్వాత రైలు తూర్పుకు తిరిగి ఛత్తీస్‌గఢ్ వరి మైదానంలోకి దిగుతుంది. దుర్గ్ దగ్గర భిలాయి, ఆపైన రూర్కెలా, ఇంకా పైన బొకారో. రష్యా వాళ్ళు, జర్మనీ వాళ్ళు, మళ్ళీ రష్యా వాళ్ళు సాయం చేసి కట్టించిన మూడు ఉక్కు ఫ్యాక్టరీలు ఒకే టికెట్టు మీద చూడొచ్చు. ధన్‌బాద్‌లో చాయ్ తాగితే గ్లాసు అంచున కూడా బొగ్గు నుసి తగులుతుంది. మొకామా దగ్గర గంగ దాటాక ఇక కొండ లేదు, గుట్ట లేదు, చూపు ఎంత దూరం పోతే అంత దూరం చదును.

వెళ్ళిన మొదటి వారంలోనే క్వార్టర్స్ ముందున్న మామిడి చెట్టు కాయ కొడదామని మా అబ్బాయి రాయి కోసం వెతికాడు. పావుగంట తిరిగాడు. దొరకలేదు. చివరికి ఎక్కడి నుంచో ఇటుక ముక్క పట్టుకొచ్చాడు. నేను నవ్వాను గానీ తర్వాత నేనూ గమనించడం మొదలుపెట్టాను. నిజంగానే ఆ నేలలో రాయి లేదు. వేల అడుగుల లోతు వరకూ హిమాలయాల నుంచి నదులు తెచ్చి పోసిన ఒండ్రే. అందుకే ఎటు చూసినా ఇటుక బట్టీల పొగ గొట్టాలు. రోడ్డుకు కంకర కావాలంటే ఝార్ఖండ్‌లోని పాకుర్ నుంచి వ్యాగన్లలో రావాలి. మా నల్గొండలో నాగలి పెట్టాలంటే ముందు రాళ్ళు ఏరాలి. పొలం గట్లన్నీ అలా ఏరిన రాళ్ళతో లేచినవే. ఇలాంటి మట్టి చూసి ఉంటే మా తాత చేతిలోకి తీసుకుని వాసన చూసి ఏడ్చేవాడు.

నీళ్ళ సంగతి ఇంకా విచిత్రం. మా వైపు ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల దరిదాపు వాన పడితే గొప్ప. బోరు నాలుగైదు వందల అడుగులు దించినా దుమ్మే వచ్చిన చోట్లు ఎన్నో. అక్కడ వెయ్యి మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది, ఇరవై ముప్పై అడుగులకే నీళ్ళు. ప్రతి ఇంటి ముందూ చేతి పంపు, దాన్ని వాళ్ళు చాపాకల్ అంటారు. మరి అంత పైన ఉన్న నీళ్ళను పొలానికి ఎలా తోడుతున్నారని చూస్తే, డీజిల్ ఇంజను. అదీ సొంతది కాదు. ఇంజను ఉన్నవాడికి గంట లెక్కన కిరాయి కట్టి తోడించుకోవాలి. పొలాల్లోకి కరెంటు స్తంభం రాలేదు. అదే సమయానికి మన దగ్గర 2004 నుంచీ వ్యవసాయానికి ఉచిత కరెంటు. పాతాళంలో ఉన్న నీరు మన రైతుకు ఊరికే పైకి వస్తోంది, కాళ్ళ కింద ఉన్న నీటికి సమస్తిపూర్ రైతు గంటకింత అని కడుతున్నాడు. భూగోళం పుస్తకం చదివినవాడెవడైనా ఈ రెండు చోట్లలో ఏది బీద ప్రాంతమో చెప్పమంటే తప్పకుండా తప్పు చెబుతాడు.

నేల అంత మంచిదైతే మనుషులు ఎందుకు బయల్దేరి మన మిల్లులకు వస్తున్నారు? జనం ఎక్కువ, అది మొదటి జవాబు. 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు బీహార్‌లో 1,106 మంది, తెలంగాణలో 312. మంచి నేల ఉన్న చోటే వందల ఏళ్ళుగా మనుషులు పెరిగారు, నేల ముక్కలైంది. పది కట్ఠాలున్నవాడు కూడా తనను కిసాన్ అనే చెప్పుకుంటాడు. మన లెక్కలో అది అర ఎకరం కూడా ఉండదు. రెండో జవాబు వరద. నేపాల్ నుంచి దిగే కోసీ, బాగ్మతీ లాంటి నదులు ఎప్పుడు ఎటు పొర్లుతాయో తెలియదు. 2008లో కోసీ కట్ట తెగింది నేపాల్ లోపల, మునిగింది బీహార్ జిల్లాలు.

ఈ రెండు జవాబులతో తృప్తి పడేవాళ్ళున్నారు. నేను పడను. ఎందుకంటే జనసాంద్రతా వరదా గోదావరి డెల్టాకూ ఉన్నాయి. అక్కడ 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైలు వంతెన వచ్చింది. బీహార్‌ను ఉత్తర దక్షిణాలుగా చీల్చే గంగ మీద, ఆ రాష్ట్రం లోపల మొదటి వంతెన ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1959లో. నేను మొకామా దగ్గర దాటానన్న రాజేంద్ర సేతు అదే. అప్పటిదాకా సగం రాష్ట్రం మిగతా సగానికి పడవల మీదే చేరేది. నది దేవుడిచ్చింది కావచ్చు, వంతెన మాత్రం ఎవరో ఫైలు మీద సంతకం పెడితే వచ్చేది.

నా సంతకం సంగతి కూడా చెప్పాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఒక ముప్పై ఏళ్ళ మనిషి క్యాబిన్‌లోకి వచ్చి నేమ్ ప్లేట్ చూసి, "సార్, మీది తెలంగాణా? ఏ ఊరు సార్?" అని తెలుగులో అడిగాడు. ఆ మారుమూల బ్రాంచీలో తెలుగు వినబడేసరికి నాకు గొంతు పట్టేసింది. నిజామాబాద్ వైపు రైస్ మిల్లులో ఎనిమిదేళ్ళు చేశాడట. బస్తాలు మోయడంతో మొదలై డ్రయ్యర్ దగ్గర, తర్వాత మెషీన్ దగ్గర పని నేర్చుకున్నాడు. సొంతూరులో చిన్న మిల్లు పెట్టుకుంటానని లోను అడిగాడు. ఎంత ధాన్యానికి ఎంత బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు వస్తుందో నోటికి చెప్పాడు. మా చిన్నాయన కంటే లెక్క బాగా చెప్పాడు.

లోను ఇవ్వలేదు. తాకట్టు పెడతానన్న భూమి ఖతియాన్, అంటే హక్కుల కాగితం, వాళ్ళ ముత్తాత పేరు మీద ఉంది. ఆ ముత్తాతకు వారసులు పద్నాలుగు మంది, సగం మంది ఢిల్లీలో, పంజాబ్‌లో. పేరు మార్పిడి ఏ తరంలోనూ జరగలేదు. లాయరు ఒపీనియన్ రాలేదు. తాకట్టు లేకుండా ఇచ్చే పథకాలున్నాయి కదా అని మీరంటారు. ఉన్నాయి. ఆ ఏడాది బ్రాంచీలో మొండి బాకీలు పెరిగి పై ఆఫీసు రోజూ ఫోన్ చేస్తోంది. నాకు టెన్షన్. ఫైలు పక్కన పెట్టాను. అతను రెండుసార్లు వచ్చి, మూడోసారి రావడం మానేశాడు. మళ్ళీ నిజామాబాద్ రైలు ఎక్కి ఉంటాడు.

ఆ ఖతియాన్ చిక్కు ఎక్కడిది? 1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగాల్, బీహార్‌లలో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. జమీందారు ఏటా ఇంత అని కట్టేస్తే చాలు, కింద ఎవరు దున్నుతున్నారో సర్కారుకు అక్కర్లేదు. అక్కర్లేని వివరం ఎవరు రాసి పెడతారు? రైతు పేరు, గట్టు కొలత కాగితం మీదికి రావడానికి అక్కడ సుమారు వందేళ్ళు పట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మన్రో రైత్వారీలో సర్కారే ప్రతి రైతు దగ్గరా వసూలు చేసేది కాబట్టి సర్వే నంబరు కావాలి, కరణం కావాలి, అడంగల్ కావాలి. అది రైతు మీద ప్రేమతో కాదు, పన్ను కోసం. కానీ వందేళ్ళ తర్వాత ఆ కాగితమే బ్యాంకులో తాకట్టు అయింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో జిల్లాల వారీగా లెక్కలు తీసి, జమీందారీ కింద ఉన్న జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలైనా పంటలోనూ చదువులోనూ వెనకబడే ఉన్నాయని చూపించారు.

దీన్ని మరీ సాగదీయకూడదు. మన్రో రైత్వారీ పెట్టిన దత్త మండలమే కదా రాయలసీమ, అక్కడ కరువు పోలేదు. మా తెలంగాణలో దేశ్‌ముఖ్‌లు తక్కువ పీల్చలేదు. మా నాయనమ్మ కాలంలో మిర్యాలగూడ చుట్టూ జొన్న గటకే, వరి బువ్వ పండక్కి. 1967లో నాగార్జున సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాయి, ఒక తరంలో మిర్యాలగూడలో వంద మిల్లుల పొగ గొట్టాలు లేచాయి. అదే నల్గొండలో కాలువ ఎక్కని మర్రిగూడ, మునుగోడు పక్క జనం ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయారు. ఒకే జిల్లా, ఒకే రాయి, ఒకే వాన.

ఇప్పుడు మా తమ్ముడి మెసేజ్‌లో లేని కాలమ్‌కు వస్తాను. బ్యాంకుల్లో డిపాజిట్లకూ అప్పులకూ నిష్పత్తి ఒకటి చూస్తాం. వంద రూపాయలు జనం దాచుకుంటే అందులో ఎన్ని ఆ రాష్ట్రంలోనే అప్పుగా వెళ్ళాయన్నది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది వంద దాటి ఉంటుంది, అంటే ఇక్కడ దాచిన దానికంటే ఎక్కువే ఇక్కడ అప్పిస్తున్నాం. బీహార్‌లో నేనున్నప్పుడు యాభై కూడా లేదు. ఇక్కడ మిల్లుల్లో, బిల్డింగ్ పనుల్లో సంపాదించి ఇంటికి పంపిన డబ్బు అక్కడి పొదుపు ఖాతాల్లో పడుతుంది. అక్కడ అప్పివ్వడానికి నాలాంటివాడు భయపడతాడు. ఆ డబ్బు బ్యాంకు కడుపులోంచి తిరిగి తిరిగి హైదరాబాద్ అపార్టుమెంటుకో, మా చిన్నాయన మిల్లుకో లోనుగా వచ్చేస్తుంది. పన్నుల డబ్బు మన దగ్గర్నుంచి బీహార్‌కు పోతుందని అందరికీ తెలుసు, అది బడ్జెట్‌లో అచ్చవుతుంది కాబట్టి. ఇది ఏ మెసేజ్‌లోనూ రాదు.

ఇంతకంటే పాత బాకీ ఒకటుంది. బొగ్గు ఝరియాలో, ఇనుప ఖనిజం సింగ్భూమ్‌లో. అందుకే టాటాలు 1907లో కంపెనీ పెట్టి అడవిలో జంషెడ్‌పూర్ కట్టారు. మామూలుగా అయితే ఉక్కు పుట్టిన చోటే దాంతో చేసే మెషీన్లూ, పైపులూ, బోల్టులూ పుట్టాలి, ఎందుకంటే అక్కడ ఉక్కు చవక. కానీ 1950ల్లో కేంద్రం రైలు కిరాయిని అందరికీ సమంగా సర్దేసింది. జంషెడ్‌పూర్ గేటు పక్క కొన్నా, బొంబాయిలో కొన్నా, మద్రాసులో కొన్నా ఉక్కు ధర ఒకటే. గని పక్కనున్న ఊరికి దేవుడిచ్చిన ఒక్క లాభం కాగితం మీద కొట్టేశారు. రేవులూ, బ్యాంకులూ, పెట్టుబడిదారులూ ఎలాగూ పడమటి తీరంలో ఉన్నారు, ఫ్యాక్టరీలూ అటే పోయాయి. పత్తికి మాత్రం ఈ సమానత్వం వర్తించలేదు. గుజరాత్, మహారాష్ట్రల పత్తి కావాలంటే తూర్పు మిల్లులు పూర్తి కిరాయి కట్టుకోవాల్సిందే. ఈ ఏర్పాటు 1990ల మొదటి వరకూ నడిచింది, దాదాపు నలభై ఏళ్ళు.

బెంగాల్ సంగతి చూడండి. ప్రధాని ఆర్థిక సలహా మండలి 2024లో తీసిన లెక్క ప్రకారం దేశ జీడీపీలో పశ్చిమ బెంగాల్ వాటా 1960-61లో 10.5 శాతం, 2023-24కి 5.6. ఇదంతా రైలు కిరాయి వల్లేనంటే అది మూర్ఖత్వం. అక్కడి సమ్మెలూ, రాజకీయాలూ అందులో సగం మింగి ఉంటాయి. బీహార్ పాలకులను వెనకేసుకు రావడం కూడా నా ఉద్దేశం కాదు. రోడ్డు లేక, పోలీసు లేక, బడిలో పంతులు లేక గడిచిపోయిన ఏళ్ళ గురించి సమస్తిపూర్ వాళ్ళే నాకు కథలు కథలుగా చెప్పారు. ఆ లెక్కకు కారన్‌వాలిస్ మీదా ఢిల్లీ మీదా నెట్టడానికి ఏమీ లేదు. 2000లో ఝార్ఖండ్ విడిపోయి గనులన్నీ అటు పోయాక మిగిలింది ఒండ్రు మట్టీ, వరదా, జనమూ. అప్పటికి గనులున్న కాలంలో పెట్టాల్సిన ఫ్యాక్టరీలు పెట్టే వయసు దాటిపోయింది.

అదే మండలి లెక్కలో ఇంకో ముక్క ఉంది. 1991కి ముందు దక్షిణాది రాష్ట్రాలు దేశంలో గొప్పగా వెలిగిందేమీ లేదు. మనం ఎప్పుడూ ఇలాగే ఉన్నామని, ఇది మన రక్తంలో ఉందని అనుకునేవాళ్ళు ఒకసారి చదవాలి.

హైదరాబాద్‌నే తీసుకోండి. దేవుడు దానికి ఇచ్చిందేమిటి? సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి బండలు. సముద్రం లేదు, పడవ నడిచే నది లేదు, పక్కన గని లేదు. 1960, 70ల్లో ఢిల్లీ తెచ్చి పెట్టిన సంస్థల పేర్లు చదివితే నగరం బస్సు స్టాపుల జాబితాలా ఉంటుంది: బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, మిధాని, బీడీఎల్. ఐడీపీఎల్‌లో (అది సర్కారు మందుల కంపెనీ) పనిచేసిన అంజిరెడ్డి బయటికొచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన వెనక ఇంకా ఎందరో. ఇవాళ ప్రపంచానికి మందులు అమ్ముతున్నామని మనం ఛాతీ విరుచుకునే దానికి విత్తనం దేశమంతా కట్టిన పన్నుల్లోంచి వచ్చింది. అందులో బీహార్ వాడి పైసా కూడా ఉంది. మన తెలివి లేదనను. తెలివి మొలవడానికి మడి కావాలి, ఆ మడి మనకు ఎవరో కట్టి పెట్టారు. ఆ మడి నీరు కూడా నగరం దాటి పారలేదు. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయానికీ దాన్ని ఆనుకునే ఉన్న వికారాబాద్ తలసరికీ కొన్ని రెట్ల తేడా. బీహార్‌ను వేలెత్తి చూపేవాడు ఒక గంట కారు నడిపితే అదే కథ ఇంటి దగ్గరే దొరుకుతుంది.

విశాఖ ఉక్కు కోసం 1966లో మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. ఆ ఫ్యాక్టరీకి ఖనిజం బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి వస్తుంది. అరకు సొరంగాల గుండా వెళ్ళే రైలు దారిని అందరం కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుకుని ఎక్కుతాం. దాన్ని 1960ల్లో వేసింది ఆ కొండ తవ్వి జపాన్‌కు పంపడానికి. కొండ కరిగిన దంతెవాడ ఇప్పటికీ దంతెవాడలాగే ఉంది. ఈ బాధ మనకు తెలియనిదా? రామగుండం బొగ్గు మనది, బూడిద మనది, కరెంటు దక్షిణ రాష్ట్రాలన్నింటిదీ. ఆ ఊరి వాళ్ళని అడిగితే ధన్‌బాద్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే బయల్దేరింది, పన్నెండు వందల మంది వలస కూలీలతో ఝార్ఖండ్‌లోని హటియాకు. టీవీలో చూసి జాలిపడ్డాం. సరిగ్గా వారానికి, మే 8న, ఎదురు దిశలో ఒక రైలు వచ్చింది. బీహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి, రెండు వందల మందికి పైగా హమాలీలతో. దేశమంతా కూలీలు ఇళ్ళకు నడిచి పోతున్న రోజుల్లో మన మిల్లుల్లో యాసంగి ధాన్యం దించేవాడు లేక సర్కారే పిలిపించుకుంది. స్టేషన్లో మంత్రులు ఎదురెళ్ళి స్వాగతం చెప్పారు. ఆ నెల మా చిన్నాయన కంటి మీద కునుకు లేకుండా గడిపాడు. లారీలు గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి, ధాన్యం మొలకెత్తుతుందేమోనని భయం. హమాలీలు దిగారని తెలిసిన రాత్రి నాకు ఫోన్ చేసి, "వచ్చిండ్రురా, బతికినం" అన్నాడు.

ఆ మాట గుర్తుచేశాను మొన్న. చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి, "ఔను, వాళ్ళు లేకపోతే మిల్లుకు తాళమే" అన్నాడు. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు గానీ ఒప్పుకున్నట్టు లేడు. "అది వేరు అన్నా, పన్నుల వాటా వేరు" అన్నాడు. వేరే. వాటా పెంచమని మనం అడగాలి, నేనూ అడుగుతాను.

దిగుమతి అయిపోయింది. ముఠా మేస్త్రీ లెక్క చూసుకుని డబ్బు తీసుకున్నాడు. హమాలీల్లో ఒక కుర్రాడు గోడ పక్కన కూర్చుని తన వంతు ఫోన్‌లోనే ఇంటికి కొట్టేశాడు. ఏ జిల్లా అని హిందీలో అడిగితే ఖగడియా అన్నాడు. ఆ డబ్బు అక్కడ ఏ బ్రాంచీలో పడి ఎటు తిరుగుతుందో చిన్నాయనకు వివరించాను. ఆయన బియ్యం ఏరే కొత్త సార్టెక్స్ మెషీన్ కోసం ఈ మధ్యే బ్యాంకు లోను తీసుకున్నాడు. కాసేపు ఆలోచించాడు.

"అంటే ఈ పిలగాని పైసలే నాకు అప్పిచ్చిండ్రా బ్యాంకోళ్ళు?"

"కొంత అయి ఉంటుంది."

"మరి ఆనికి వడ్డీ ఎంతిస్తుండ్రు?"

పొదుపు ఖాతా వడ్డీ చెప్పాను. తన లోను వడ్డీ ఆయనకు తెలుసు. మిల్లు నడిపే మనిషి, ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో నోటి లెక్కన కట్టేసుకుని, ఖగడియా కుర్రాడి వైపు ఒకసారి చూసి, లోపల ఇంకో టీ పెట్టమని కేకేశాడు.